గుండె కండరం, కాల్షియం చానళ్ళు, వాటి మీద పనిచేసే మందులు: తరచుగా అడిగే ప్రశ్నలు

నెల్లూరు, కావలి, ఒంగోలు, కనిగిరి, ఏ ఊరి గుండె ఓపీ ముందు కూర్చున్నా ఈ సందేహాలే వినబడతాయి. చీటీ మీద అమ్లోడిపిన్ అనే బీపీ మందు ఉంటుంది. ఫోన్లో వెతికితే ‘కాల్షియం చానల్ బ్లాకర్’ అని వస్తుంది. ఆ రాత్రి నుంచే ఇంట్లో పాలు బంద్. చిక్కంతా మూడు వేర్వేరు సంగతులకు కాల్షియం అనే ఒకే పేరు ఉండటంలో ఉంది: మనం తినే కాల్షియం, రక్తనాళం గోడలో గట్టిపడిన కాల్షియం, గుండె కణంలోకి ప్రతి కొట్టుకీ వచ్చిపోయే కాల్షియం. ఇక్కడ రాసింది ఎక్కువగా మూడోదాని గురించే. మోతాదులు ఇచ్చింది చీటీ అర్థం కావడానికి. వాటిని మార్చడం మీ డాక్టరు పని.

## చీటీ చేతికొచ్చిన రోజు

కాల్షియం ఎముకలకు కదా, గుండెకు దాంతో ఏం పని?

ఒంట్లోని కాల్షియంలో 99 శాతం ఎముకల్లో, పళ్ళలోనే ఉంటుంది. మిగిలిన ఆ కాస్తలోనే గుండె పని జరిగిపోతుంది. ఈ సంగతి బయటపడింది ఒక పొరపాటు వల్ల. 1880ల మొదట్లో లండన్‌లో సిడ్నీ రింగర్ కప్ప గుండెను బయటికి తీసి ఉప్పు ద్రావణంలో ఉంచితే అది బాగా కొట్టుకుంటూ ఉండేది. తీరా చూస్తే సహాయకుడు ఆ ద్రావణాన్ని స్వేదనజలంతో కాకుండా కుళాయి నీళ్ళతో కలిపాడు. స్వేదనజలంతో కలిపి చూస్తే గుండె కాసేపటికే నీరసించి ఆగిపోయింది. కుళాయి నీళ్ళలోని సున్నమే, అంటే కాల్షియమే, గుండెను ఆడించిందని ఆయన 1883లో ప్రచురించాడు. వార్డులో వేలాడే ఆర్.ఎల్. సెలైన్ సీసాలో ‘ఆర్’ ఆయన పేరే. అందులో ఇప్పటికీ కొంచెం కాల్షియం ఉంటుంది.

చానల్ అంటే అసలు ఏంది? గొట్టమా?

చెరువు తూము అనుకోండి. గుండె కణం చుట్టూ ఉన్న పొరలో ప్రొటీన్‌తో కట్టిన తూములివి. కణం లోపలికంటే బయట కాల్షియం సుమారు 10,000 రెట్లు ఎక్కువ. అందుకే తూము లేస్తే చాలు, తోడక్కర్లేకుండా లోపలికి దూకుతుంది. తూమును లేపేది కరెంటు. గుండెలో పుట్టిన విద్యుత్ అల కణాన్ని తాకగానే ఎల్-టైప్ అనే రకం చానళ్ళు తెరుచుకుంటాయి.

అలా వచ్చేది కొంచెమే. అది లోపలున్న కాల్షియం గోదాము తలుపు తడుతుంది. రయనోడిన్ రిసెప్టర్లనే ఆ తలుపులు తెరుచుకుంటే అసలు సరుకు బయటపడుతుంది, కండరంలోని ట్రోపోనిన్ అనే ప్రొటీన్‌కు అతుక్కుంటుంది, కండరం బిగుసుకుంటుంది.

ఆ తర్వాతి పనినే ఎవరూ పట్టించుకోరు. వచ్చిన కాల్షియాన్నంతా మళ్ళీ తోడెయ్యాలి. సుమారు 70 శాతాన్ని సెర్కా అనే పంపు గోదాములోకి ఎత్తిపోస్తుంది. మిగతాదాన్ని చాలావరకు సోడియంతో మార్పిడి చేసే ఇంకో ప్రొటీన్ కణం బయటికి నెడుతుంది. నిమిషానికి 75 సార్లు కొట్టుకునే గుండెలో ఈ తంతు మొత్తానికీ ఉన్న గడువు 0.8 సెకను. తోడటం ఆలస్యమైతే కండరం సడలదు, సడలకపోతే గుండెలోకి రక్తం నిండదు.

ఈ బిళ్ళ కాల్షియాన్ని ఆపేస్తే చేతులూ కాళ్ళూ కూడా బలం తగ్గిపోవా?

తగ్గవు. చేతుల కాళ్ళ కండరాలు బిగుసుకోవడానికి బయటి కాల్షియం లోపలికి రానక్కర్లేదు. అక్కడి చానల్ తానే ఒక మీటలా కదిలి గోదాము తలుపును నేరుగా తెరుస్తుంది. గుండెకూ రక్తనాళాల గోడలకూ మాత్రం బయటినుంచి వచ్చే కాల్షియం కావాల్సిందే. మందు గుండె, రక్తనాళాల మీద పనిచేసి చేతుల కాళ్ళ మీద చేయకపోవడానికి ఇదే కారణం.

పాలు, రాగి సంగటి మానెయ్యాలా? ఎముకల్లో కాల్షియం తగ్గదా?

మానకండి, తగ్గదు. ఈ మందులు తూము దగ్గర అడ్డుపడతాయే గానీ రక్తంలోనో ఎముకలోనో కాల్షియాన్ని తగ్గించవు. బిళ్ళ వేసుకునే మనిషికి పరీక్ష చేసినా రక్తంలో మామూలుగా ఉండే డెసిలీటరుకు 8.5 నుంచి 10.5 మి.గ్రా. మధ్యే కనిపిస్తుంది. పెద్దవాళ్ళకు రోజుకు 1,000 మి.గ్రా. కాల్షియం కావాలని మన దేశపు పోషకాహార సిఫారసు. 100 గ్రాముల రాగుల్లో సుమారు 350 మి.గ్రా., ఒక గ్లాసు పాలలో సుమారు 240 మి.గ్రా. ఉంటాయి. సంగటి ముద్ద మానేస్తే పోయేది అదే.

గుండె నాళాల్లో కాల్షియం పేరుకుందని స్కాన్‌లో వచ్చింది. ఈ బిళ్ళ దాన్ని కరిగిస్తుందా?

కరిగించదు. స్కాన్‌లో కనబడేది నాళం గోడలోని కొవ్వు పేరుకుని, ఏళ్ళ తరబడి గట్టిపడి సున్నంలా మారిన మచ్చ. దానికి వాడేవి కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్లు, బీపీ షుగర్ అదుపు, పొగాకు మానడం. పేరులో కాల్షియం ఉన్నా ఈ బిళ్ళకు ఆ మచ్చతో సంబంధం లేదు.

అమ్లోడిపిన్, డిల్టియాజెమ్, వెరాపమిల్ అన్నీ ఒకటే కదా, ఏది దొరికితే అది వేసుకోవచ్చా?

ముట్టుకునే చానల్ ఒకటే అయినా పనిచేసే చోటు వేరు. అమ్లోడిపిన్, నిఫెడిపిన్, సిల్నిడిపిన్ ఎక్కువగా రక్తనాళాల గోడల మీద పనిచేసి బీపీ దించుతాయి. మామూలు మోతాదులో గుండె కండరాన్ని పెద్దగా తాకవు. వెరాపమిల్ ఎక్కువగా గుండె మీదే పనిచేస్తుంది: నాడి తగ్గిస్తుంది, కండరం బిగువు తగ్గిస్తుంది, పై గది నుంచి కింది గదికి వెళ్ళే కరెంటును నెమ్మదింపజేస్తుంది. డిల్టియాజెమ్ ఈ రెంటికీ మధ్య. షాపులో ‘అదే కంపెనీ ఇంకో రకం’ అని ఇస్తే మందు పేరు చదివే తీసుకోండి.

## మొదటి నెల

మూడు రోజులు వేశాం, బీపీ దిగలా. డోసు పెంచుకోవచ్చా?

అమ్లోడిపిన్ నిదానమైన మందు. ఒంట్లో సగం తగ్గడానికే 30 నుంచి 50 గంటలు పడుతుంది. రోజుకొకటి వేస్తే పూర్తి స్థాయికి చేరేది 7, 8 రోజులకు. మూడో రోజు పెంచితే పదో రోజుకు కళ్ళు తిరగడం ఖాయం. సాధారణంగా 2.5 లేదా 5 మి.గ్రా.తో మొదలు, గరిష్ఠం 10. ఈ నిదానంలో ఒక మేలూ ఉంది: ఒక పూట మర్చిపోయినా బీపీ ఉన్నట్టుండి ఎగరదు. మర్చిపోయిన రోజు గుర్తొస్తే వేసుకోండి, మర్నాడు మాత్రం రెండు వేయొద్దు.

కాళ్ళు నీరు పడతా ఉండాయి. బీపీ బిళ్ళ వల్లేనా, గుండె దెబ్బతినిందా?

ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే, ఎక్కువగా తప్పుగా తేల్చేసేదీ ఇదే.

అమ్లోడిపిన్ రక్తం తెచ్చే సన్నని ధమనులను వెడల్పు చేస్తుంది, తిరిగి తీసుకుపోయే సిరలను అంతగా చేయదు. వచ్చే దారి పెద్దదై పోయే దారి అలాగే ఉంటే మధ్యలోని కేశనాళికల్లో ఒత్తిడి పెరిగి నీరు కండలోకి ఊరుతుంది. అందుకే వాపు రెండు చీలమండల దగ్గర, సాయంత్రానికి ఎక్కువ, తెల్లారేసరికి తక్కువ. 5 మి.గ్రా. కంటే 10 మీద ఎక్కువగా వస్తుంది. ఒంట్లో నీరు ఎక్కువై వచ్చిన వాపు కాదు కనుక ఫ్యురోసెమైడ్ లాంటి నీటి బిళ్ళకు సరిగా తగ్గదు. పైగా సోడియం, పొటాషియం పడిపోయి కొత్త తంటా.

తగ్గే దారులు మూడు: మోతాదు 10 నుంచి 5కు దించడం, సిరలను కూడా వెడల్పు చేసే టెల్మీసార్టాన్ లాంటిది జోడించడం, సిల్నిడిపిన్‌కు మారడం. ఏది అనేది డాక్టరు తేలుస్తారు. ఎండుచేపలు, ఊరగాయలు తగ్గిస్తే బీపీకి మంచిదే గానీ ఈ వాపు ఒక్క దాంతో పోదు.

గుండె వల్ల వచ్చే వాపుకు తోడు వేరే గుర్తులుంటాయి: నాలుగడుగులకే ఆయాసం, రెండు దిండ్లు లేనిదే పడుకోలేకపోవడం, నిద్రలో ఊపిరాడక లేచి కూర్చోవడం, మూడు రోజుల్లో 2 కిలోలు పెరగడం. ఇవి ఉంటే ఆ రోజే చూపించుకోవాలి. ఒకే కాలు వాచి, పిక్క నొప్పిగా ఉంటే అది గడ్డకట్టిన రక్తం కావచ్చు. బిళ్ళ మీద నెట్టెయ్యొద్దు.

బీపీ 180 దాటితే నాలుక కింద నిఫెడిపిన్ క్యాప్సూల్ పిండమంటారు. పిండొచ్చా?

వద్దు. బీపీ ఎంత పడుతుందో, ఎంత వేగంగా పడుతుందో అదుపు ఉండదు. ఒక్కసారిగా పడితే మెదడుకూ గుండెకూ రక్తం చాలక పక్షవాతం, గుండెపోటు వచ్చిన సందర్భాలున్నాయి. ఐదు నిమిషాలు వెనక్కి ఆనుకుని కూర్చోబెట్టి మళ్ళీ చూడండి. ఛాతీ నొప్పి, ఆయాసం, మూతి వంకర, మాట తడబాటు, చూపు మసక ఏది ఉన్నా 108కి ఫోన్ చేయండి. ఏవీ లేకుంటే మానేసిన మామూలు బిళ్ళ వేయించి, 24 గంటల్లో డాక్టరుకు చూపించడమే.

పంపరపనస తినకూడదంట, నిజమేనా? నిమ్మకాయో?

గ్రేప్‌ఫ్రూట్ పేగులోని మందులను విరిచే ఎంజైమ్‌ను అణచేస్తుంది. దాంతో రక్తంలోకి మందు ఎక్కువగా చేరుతుంది. ఫెలోడిపిన్ విషయంలో ఇది బాగా ఎక్కువ, అమ్లోడిపిన్‌లో తక్కువ. మన పంపరపనసలోనూ ఆ జాతి పదార్థాలే ఉన్నాయి కనుక ఈ మందులు వాడేటప్పుడు దూరంగా ఉంచడం మేలు. మజ్జిగలో పిండుకునే గూడూరు నిమ్మచెక్క ఆ లెక్కలోకి రాదు.

## ఏళ్ళ తరబడి వాడుతుంటే

చిగుళ్ళు లావెక్కి పళ్ళ మీదికి వస్తా ఉండాయి.

ఈ జాతి మందులన్నిటికీ ఉన్న గుణమిది. నిఫెడిపిన్‌తో ఎక్కువ. గార పట్టిన పళ్ళున్నవాళ్ళలో మరీ ఎక్కువ. ముందు పళ్ళ డాక్టరు దగ్గర గార తీయించండి. తగ్గకపోతే మందు మార్పిస్తారు.

వేరే జబ్బుకు పోయినప్పుడు ఈ బిళ్ళ సంగతి చెప్పాలా?

చెప్పాలి. బిళ్ళ రేకు జేబులో పెట్టుకుపోతే ఇంకా మంచిది. వెరాపమిల్ లేదా డిల్టియాజెమ్ వాడేవాళ్ళకు ఎవరైనా అటెనలాల్, మెటోప్రొలాల్ లాంటి బీటా బ్లాకర్లు కలిపితే నాడి 40కి పడిపోయి హార్ట్ బ్లాక్, అంటే పై గది నుంచి కింది గదికి కరెంటు సరిగా పోకపోవడం, రావచ్చు. వెరాపమిల్‌తో గుండె మందైన డిగాక్సిన్ ఉంటే రక్తంలో డిగాక్సిన్ మోతాదు మించిపోతుంది. గొంతు నొప్పికి ఇచ్చే క్లారిథ్రోమైసిన్, తామరకు ఇచ్చే ఇట్రాకొనజోల్ ఈ మందులు విరగకుండా ఆపి బీపీని మరీ దించేస్తాయి. టీబీకి వాడే రిఫాంపిసిన్ దానికి తిరకాసు: మందును త్వరగా విరిచేసి, వేసుకున్నా బీపీ దిగకుండా చేస్తుంది. కొలెస్ట్రాల్‌కు సిమ్వాస్టాటిన్ వాడుతుంటే అమ్లోడిపిన్‌తో 20 మి.గ్రా. మించకూడదు.

మా ఊళ్ళో బోరు నీళ్ళ నిండా సున్నమే. గిన్నె అడుగున తెల్లగా కడుతుంది. గుండెలో కూడా అట్లనే కడుతుందా?

కట్టదు. గిన్నెలో కట్టేది నీరు మరిగి మిగిలిన కాల్షియం, మెగ్నీషియం కార్బొనేట్. ఒంట్లో ఎంత కాల్షియం ఉండాలో పారాథైరాయిడ్ గ్రంథులు, పేగు, కిడ్నీలు కలిసి కాపలా కాస్తాయి. ఎక్కువ తాగితే తక్కువ పీల్చుకుని మిగతాది బయటికి పంపేస్తాయి. రొయ్యల చెరువు వాళ్ళు నీళ్ళలో కాల్షియం మెగ్నీషియం లెక్క చూస్తారంటే, గుల్ల విడిచిన రొయ్య నీళ్ళలోంచి నేరుగా కాల్షియం పీల్చుకుంటుంది గనుక. మనిషికి ఆ పద్ధతి లేదు. కనిగిరి, పొదిలి, దర్శి వైపు బోరు నీళ్ళలో భయపడాల్సింది సున్నానికి కాదు, ఫ్లోరైడ్‌కు. అది పళ్ళనూ ఎముకలనూ దెబ్బతీస్తుంది, మరిగించినా పోదు.

మోకాళ్ళ నొప్పికి కాల్షియం, విటమిన్ డి రాశారు. బ్లాకర్‌తో కలిపి వేయొచ్చా?

రోజుకు 500 మి.గ్రా. కాల్షియం బిళ్ళ అయితే వేయొచ్చు. కార్బొనేట్ రకాన్ని అన్నం తిన్నాక వేసుకోవాలి. ప్రమాదం విటమిన్ డిలో ఉంది. 60,000 యూనిట్ల పొట్లం సాధారణంగా వారానికొకటి, సుమారు 8 వారాలు. దాన్ని రోజూ వేసుకున్నవాళ్ళూ, దానికి తోడు 6 లక్షల యూనిట్ల ఇంజెక్షన్లు వరసగా పొడిపించుకున్నవాళ్ళూ ఉన్నారు. అప్పుడు రక్తంలో కాల్షియం నిజంగానే పెరుగుతుంది: తీరని దాహం, మలబద్ధకం, వాంతులు, మగత, ఈసీజీలో క్యూటీ విరామం కురచబడటం. అదే సమయంలో డిగాక్సిన్ కూడా వాడుతుంటే గుండె లయ తప్పే ముప్పు పెరుగుతుంది. ఈ లక్షణాలుంటే సీరం కాల్షియంతో పాటు ఆల్బుమిన్ కూడా చూపించండి. ఆల్బుమిన్ తక్కువైతే కాల్షియం అంకె ఉన్నదానికంటే తక్కువగా కనబడుతుంది.

## గుండె బలహీనపడ్డాక

మా నాయనకు ఎకోలో ఈఎఫ్ (ఒక్కో కొట్టుకూ గుండె బయటికి నెట్టే రక్తం శాతం) 30 అన్నారు. కాల్షియమే గుండెను బిగిస్తుందంటే, కాల్షియం పెంచితే బలం రాదా?

వినడానికి సబబుగానే ఉంటుంది, జరిగేది మాత్రం వేరు. బలహీనపడిన గుండెలో కాల్షియం కొరత లేదు, అది ఉండాల్సిన చోట లేదు. ఎత్తిపోసే సెర్కా పంపులు తగ్గిపోతాయి, గోదాము తలుపులు సరిగా మూతపడక కాల్షియం కారుతూ ఉంటుంది. దాంతో గోదాములో నిల్వ తక్కువ, బయట కండరంలో ఎప్పుడూ కొంత మిగులు. కొట్టాల్సినప్పుడు బలం చాలదు, సడలాల్సినప్పుడు సడలదు. కారిన కాల్షియం వేళ కాని వేళ కరెంటు పుట్టించి లయ తప్పిస్తుంది.

కణంలో కాల్షియం పెంచి గుండెను గట్టిగా కొట్టించే మందులను దీర్ఘకాలం వాడి చూశారు. 1991లో వెలువడిన పెద్ద పరిశోధనలో, తీవ్ర హార్ట్ ఫెయిల్యూర్ ఉన్నవాళ్ళకు నోటిద్వారా మిల్రినోన్ ఇస్తే ఉత్తుత్తి బిళ్ళ వేసుకున్నవాళ్ళకంటే 28 శాతం ఎక్కువ మరణాలు సంభవించాయి. అలిసిన ఎద్దును ముల్లుకర్రతో పొడిస్తే ఆ చాలు దాటుతుందేమో, పొలం దున్నదు.

ఆయుష్షు పెంచింది దానికి ఎదురు దారి: కార్వెడిలాల్, బిసోప్రొలాల్, మెటోప్రొలాల్ సక్సినేట్ లాంటి బీటా బ్లాకర్లు. ఇవి అడ్రినలిన్ కొరడాను ఆపుతాయి. అడ్రినలిన్ తూములను ఇంకా ఎక్కువగా తెరిపించేది, కారుడు పెంచేది. కార్వెడిలాల్ 3.125 మి.గ్రా. ఉదయం ఒకటి, సాయంత్రం ఒకటిగా మొదలుపెట్టి రెండు వారాలకొకసారి రెట్టింపు చేస్తూ పోతారు. మొదటి వారాల్లో కొంచెం నీరసం వస్తుంది. చాలామంది మానేసేది సరిగ్గా అప్పుడే.

ఈఎఫ్ తగ్గినవాళ్ళకు వెరాపమిల్, డిల్టియాజెమ్ పనికిరావు, ఉన్న బిగువునూ తగ్గిస్తాయి. బీపీకి తప్పనిసరైతే అమ్లోడిపిన్ ఇవ్వొచ్చు. అది గుండెకు బలమూ ఇవ్వదు, హానీ చేయదు.

గుండె గోడ మందంగా ఉంది, హెచ్‌సీఎం అన్నారు. బీపీ లేకపోయినా వెరాపమిల్ ఎందుకు?

ఇక్కడ కండరం బలహీనం కాదు, అతి బిగువు, సడలిక తక్కువ. బీపీ లేదా కవాటం జబ్బు లాంటి కారణం లేకుండా గోడ 15 మి.మీ. దాటితే ఈ జబ్బని అనుమానిస్తారు, రక్తసంబంధీకుల్లో అయితే 13. బీటా బ్లాకర్ సరిపడకపోతే, నాడి తగ్గించి గుండె నిండటానికి వ్యవధి ఇచ్చే వెరాపమిల్ వాడతారు. రక్తం పోయే దారికి తీవ్రంగా అడ్డున్నవాళ్ళకు మాత్రం అదే ప్రమాదం. అందుకే ఎకోలో ఆ ఒత్తిడి కొలిచాకే మొదలుపెట్టాలి. తోబుట్టువులకూ పిల్లలకూ ఎకో, ఈసీజీ చేయించండి. దక్షిణాసియా వాళ్ళలో సుమారు 4 శాతం మందిలో మయోసిన్ బైండింగ్ ప్రొటీన్-సి జన్యువులో 25 అక్షరాలు ఊడిన తేడా ఉందని 2009లో తేలింది. ఆ తేడా ఉన్నంత మాత్రాన జబ్బు ఉన్నట్టు కాదు.

పిల్లోడు పరిగెత్తినప్పుడే పడిపోతున్నాడు. ఫిట్స్ అన్నారు, ఈసీజీ బాగుంది. ఇంకేం చూడాలి?

ట్రెడ్‌మిల్ పరీక్ష చూడాలి, గుండె డాక్టరు దగ్గర. పరుగు, ఈత, భయం, కోపం, ఈ సమయాల్లోనే స్పృహ తప్పుతుంటే సీపీవీటీ అనే జబ్బు మనసులో పెట్టుకోవాలి. రయనోడిన్ తలుపు పుట్టుకతోనే వదులుగా ఉండి, అడ్రినలిన్ పెరగ్గానే కాల్షియం కారి లయ తప్పుతుంది. కూర్చోబెట్టి తీసిన ఈసీజీ, ఎకో రెండూ మామూలుగానే వస్తాయి, మోసపోయేది అక్కడే. గోదాములో కాల్షియాన్ని పట్టి ఉంచే క్యాల్‌సీక్వెస్ట్రిన్ ప్రొటీన్ లోపంతో వచ్చే రకం తల్లి తండ్రి ఇద్దరి నుంచీ రావాలి. కాబట్టి మేనరికమైతే ఆ మాట డాక్టరుకు తప్పక చెప్పండి. నాడొలాల్ లాంటి బీటా బ్లాకర్ ఒక్క పూట కూడా మానకూడదు. నిర్ధారణ అయ్యేదాకా ఆటల పోటీలు వద్దు.

## అత్యవసరం

పిల్లలు పచ్చగన్నేరు కాయ నమిలారు. బాగానే ఆడుకుంటున్నారు, చూద్దామా?

చూడొద్దు, వెంటనే పెద్దాసుపత్రికి. ఆ కాయలోని విషం సోడియం పంపును ఆపుతుంది. కణంలో సోడియం పేరుకుంటే కాల్షియాన్ని బయటికి నెట్టే మార్పిడి ఆగి, కాల్షియం లోపలే నిలిచిపోతుంది. నాడి మందగించడం, హార్ట్ బ్లాక్, లయ తప్పడం గంటల తర్వాత కూడా మొదలవచ్చు. ఉప్పునీళ్ళు తాగించి కక్కించడం, చింతపండు రసం పోయడం వద్దు. ఈసీజీ మానిటరు, అట్రోపిన్, తాత్కాలిక పేస్‌మేకర్ ఉన్నచోటు కావాలి. డిగాక్సిన్‌కు విరుగుడైన యాంటీబాడీ ఇంజెక్షన్ దీనికీ పనిచేస్తుంది, అన్నిచోట్లా ఉండదు.

డయాలసిస్ మనిషికి పొటాషియం పెరిగిందంటే కాల్షియం ఇంజెక్షన్ ఇచ్చారు. పొరపాటు మందా?

పొరపాటు కాదు. పొటాషియం పెరిగి ఈసీజీ మారినప్పుడు గుండె కణం పొర అదుపు తప్పుతుంది. 10 శాతం కాల్షియం గ్లూకోనేట్ 10 మి.లీ. కొన్ని నిమిషాల పాటు నిదానంగా ఎక్కిస్తే 1 నుంచి 3 నిమిషాల్లో దాన్ని నిలబెడుతుంది. పొటాషియాన్ని మాత్రం తగ్గించదు, దాని పని 30 నుంచి 60 నిమిషాలే. ఆలోపు ఇన్సులిన్, గ్లూకోజ్, ఆ తర్వాత డయాలసిస్ జరగాలి. ఇంటికొచ్చాక నీరసంగా ఉందని కొబ్బరినీళ్ళు తాగించకండి, అందులో పొటాషియం ఎక్కువ.

మనవడు వాళ్ళ అవ్వ బీపీ బిళ్ళలు మింగేశాడు. ఎన్నో తెలియదు.

చిన్నపిల్లలకు ఒకటి రెండు బిళ్ళలైనా ప్రమాదమే. 108కి ఫోన్ చేయండి. కక్కించొద్దు. అమ్లోడిపిన్ ప్రభావం ఆలస్యంగా బయటపడుతుంది కాబట్టి పిల్లవాడు నవ్వుతూ ఉన్నా ఆసుపత్రిలో 24 గంటలు గమనించాలి. సెలైన్, నరంలో కాల్షియం, అవసరమైతే గ్లూకోజ్‌తో కలిపి ఎక్కువ మోతాదు ఇన్సులిన్ ఇస్తారు. షుగర్ లేని పిల్లవాడికి ఇన్సులిన్ ఏమిటని అడ్డుపడొద్దు. మందు దెబ్బకు నీరసించిన గుండె కండరం గ్లూకోజును వాడుకోవడానికే అది. బిళ్ళల రేకు పారేయకుండా వెంట తీసుకెళ్ళండి: మందు పేరు, మి.గ్రా. అంకె, ఎన్ని గళ్ళు ఖాళీగా ఉన్నాయి, వాటిలో అవ్వ వేసుకున్నవి ఎన్ని, డ్యూటీ డాక్టరు ముందు అడిగేది ఇవే.